ఇరుకు ఒర

గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకున్న పిచ్చుకను పోయిన వారం మనం అక్కడే వదిలేశాం. పోలీసు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఆ అమ్మాయిని ఇంట్లో ఇప్పటికీ తండ్రి పెట్టిన ముద్దుపేరుతోనే పిలుస్తారు. శనివారం పరీక్షలో ఈల మోగగానే నడుముకున్న తుపాకీ దూసి గురి చూడాలి. మిగతావాళ్ళందరూ దూశారు. పిచ్చుక లాగితే తుపాకీతో పాటు ఒర, ఒరతో పాటు బెల్టు, అన్నీ కలిసి డొక్కల దాకా లేచొచ్చాయి గానీ తుపాకీ మాత్రం బయటికి రాలేదు. మైదానమంతా గొల్లుమంది. ఎప్పుడూ నోట్లో ఈల ఉంటుంది కాబట్టి అందరూ ఈలాయన అని పిలుచుకునే శిక్షకుడు మాత్రం నవ్వలేదు. మంగళవారం ఇంకొక్క అవకాశం ఇస్తానని, అప్పుడూ ఇదే వరస అయితే ఫైళ్ళ గదిలో కుర్చీ వేయిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక తల్లి సంగతంతా విని, కొత్త తోలు అలాగే ఉంటుంది, ఇటివ్వు నేను చూస్తానంది. అంతే, పిచ్చుక నోట్లోంచి అనకూడని మాట వచ్చేసింది.

"ఒర కొనిచ్చి నాన్నను పొట్టన పెట్టుకున్నావు. నా ఒర జోలికి రాకు."

తల్లి పొయ్యి మీది గిన్నె దించి, మూత పెట్టి, దీపం ఆర్పి పడుకుంది.

నిజానికి ఆ మాట పిచ్చుకది కాదు, నాయనమ్మది. పిచ్చుక నాన్నకు ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి వచ్చినప్పుడు భార్య ముచ్చటపడి పాత బజారులోని తోలు దుకాణంలో కొత్త ఒర కుట్టించి బహుమతిగా ఇచ్చింది. రెండు వారాలు తిరక్కుండా ఆయన రైలు గోదాములో తూటా తగిలి పోయాడు. తుపాకీ ఒరలోనే ఉంది. సారు ఎంత లాగినా కొత్త ఒరలోంచి తుపాకీ ఊడి రాలేదని, కాల్చినవాడి మొహం చీకట్లో కనబడలేదని పక్కనున్న జీపు డ్రైవరు విచారణలో చెప్పాడు. అందరూ అదే నమ్మారు. ఆ రోజు నుంచి నాయనమ్మ కోడలి చేతి కాఫీ ముట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మనవరాలికి జడ వేస్తూ, మీ అమ్మ కొన్న ఒరే నా కొడుకుని మింగిందని చెవిలో చెబుతూ పెంచింది. పోయేదాకా ఆ మాట మార్చలేదు. ఆమె పోయాక ఆ మాట ఇంట్లోనే ఉండిపోయి, ఇన్నేళ్ళకు మనవరాలి నోట వినబడింది.

ఆదివారం పొద్దున్న పిచ్చుక లేచేసరికి ఎండ వంటింటి గడప దాటి లోపలికొచ్చింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక గుమ్మం దగ్గరే తచ్చాడింది. బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద ఒక కొవ్వొత్తి ముక్క, రొట్టెల దుకాణం వాళ్ళు చుట్టి ఇచ్చే మైనపు కాగితం, ఒక గరిటె. తల్లి కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం మడతలు సాపు చేస్తోంది.

"కాఫీ తాగి నీ తుపాకీ పట్రా," అంది తల వంచుకునే. "గుండ్లు తీసి కప్పులో వేసి పై అరలో పెట్టు. మీ నాన్న అలాగే పెట్టేవారు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది పిచ్చుకకు. కాఫీ రెండు గుక్కల్లో తాగేసి, తుపాకీ తెచ్చి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల ఏమీ లేదని ఒకటికి రెండుసార్లు చూసి బల్ల మీద పెట్టింది. తల్లి దాన్ని చేత్తో తాకలేదు. కాగితం ఎలా చుట్టాలో వేలితో చూపించింది. ముందు గొట్టం చుట్టూ ఒక పొర, ఆ పైన మొత్తానికి ఇంకో పొర. పిడి బయటికి వదిలెయ్యాలి. పసిపిల్లను దుప్పట్లో చుట్టినట్టు వదులు లేకుండా చుట్టాలంది. చుట్టిన తుపాకీని కూతురు చేతే ఒరలోకి నొక్కించింది. సగం దిగి ఆగిపోయింది.

"బలం చూపించకు. కాస్త ఇటూ అటూ తిప్పుతూ నొక్కు. కొత్త చెప్పులో కాలు పెట్టినట్టు."

తిప్పుతూ నొక్కగా నొక్కగా మూలుగుతున్నట్టు శబ్దం చేసి లోపలికి దిగింది. కుట్లు బిగుసుకున్నాయి. తోలు ఉబ్బి, లోపలి తుపాకీ ఆకారం పైకి తేలింది.

"నూనె రాస్తే తొందరగా సాగదా?" అని అడిగింది పిచ్చుక. నిన్న రాత్రి నుంచి తల్లితో ఆమె ఆడిన మొదటి మాట అదే.

తల్లి పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. నాన్నతో పాటు పనిచేసిన ఒక బొద్దాయన సంగతి చెప్పింది. ఆయనకు ఓపిక తక్కువ. ఒర బిగుతుగా ఉందని వంటనూనె పట్టించాడట. తోలు నానిపోయి గోనెసంచిలా తయారైంది. ఆ వారంలోనే దొంగ వెంట పరిగెడుతుంటే తుపాకీ జారి మురిక్కాలవలో పడింది. వెనక్కి తిరిగి చూసిన దొంగ జాలిపడి ఆగి, ఎక్కడ పడిందో చూపించి మరీ పారిపోయాడని స్టేషన్లో కథలు కథలుగా చెప్పుకునేవారట. ఆ చివరి ముక్క నాన్న కల్పించిందేనని తన అనుమానమంది.

"నూనె వద్దు, నీళ్ళు వద్దు, ఎండా వద్దు. రేపు పొద్దుటిదాకా ఇలా వదిలేస్తే దాని పని అదే చూసుకుంటుంది. మరీ వదులైనా ప్రమాదమే. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోవాలి, వదలాల్సినప్పుడు వదలాలి."

తర్వాత కొవ్వొత్తి ముక్క తీసుకుని ఒర మూతి చుట్టూ రుద్దింది. అక్కడ తోలు అంచు కోసినట్టు గరుగ్గా ఉంది. గరిటె కాడ గుండ్రని వైపుతో ఆ అంచును ఒత్తుతూ పోయింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో కొత్త తోలు వాసన గదంతా పరుచుకుంది. పిచ్చుకకు ఒక్కసారిగా పాత పోలీసు క్వార్టర్సు గుర్తొచ్చింది. రెండే గదులు, ముందు సన్నటి వరండా, గోడకు కొట్టిన మేకు, దానికి వేలాడే బెల్టు. నాన్న ఇంటికొచ్చి ఆ బెల్టు తగిలించగానే వచ్చే వాసన ఇదే. బూట్లు విప్పుతూ ఆయన ఈలపాట పాడేవాడు. ఆ బూట్లలో కాళ్ళు పెట్టి తను వరండా చివరిదాకా ఈడ్చుకుంటూ నడిచేది. ఆయన మొహం కంటే ఆ బూట్ల బరువే ఇప్పటికీ బాగా గుర్తుంది.

తను నోరు తెరిచి ఆ సంగతి చెప్పిందని పిచ్చుకకు తెలియలేదు. తల్లి గరిటె కాడ ఆపి వింటోంది.

"నీకు గరిటె పోటీ గుర్తుందా?" అని అడిగింది.

గుర్తు లేదు. తల్లి చెప్పింది.

ఎప్పుడు కొత్త ఒర వచ్చినా మెత్తబరచడం తన పనేనట. పెళ్ళైన కొత్తలో ఆయనే నేర్పాడు. కాగితం చుట్టి ఒక రాత్రి ఉంచాక, మర్నాటి నుంచి సాధన. ఆయన ఖాళీ తుపాకీ ఒరలో పెట్టుకుని వంటింట్లో ఒక మూల నిలబడేవాడు. ఆమె గరిటె నడుముకు దోపుకుని ఇంకో మూల. గొట్టం నేల వైపే ఉండాలి, ఎప్పుడూ మనిషి వైపు తిరగకూడదు, అది ఆయన పెట్టిన నియమం. పొయ్యి మీద పాలు పొంగడమే ఈల. పాలు పొంగగానే ఇద్దరూ దూయాలి. ప్రతిసారీ గరిటే గెలిచేది. ఆయన ఉడుక్కుని ఇది మోసం, గరిటెకు ఒర లేదు కదా అని దెబ్బలాడేవాడు. పొంగిన పాలు పొయ్యంతా పారి, మాడిన వాసన పక్కింటిదాకా వెళ్ళేది. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, మీ ఇంట్లో పాలు తాగుతారా, పొయ్యికి తాగిస్తారా అని అడిగేదట.

పిచ్చుక నవ్వేసింది. నవ్వుతూనే తల్లి చేతులు చూసింది. తోలు అంచు మీద ఆ వేళ్ళు కళ్ళు మూసుకున్నా తప్పిపోనంత అలవాటుగా తిరుగుతున్నాయి. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అమ్మా, నాన్నకు నువ్విచ్చిన ఆ ఒర కూడా ఇలాగే మెత్తబరిచావా?"

తల్లి కొవ్వొత్తి ముక్క బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"దాన్నయితే ఇంకా ముద్దుగా చేశాను. నేను కొన్నది కదా. తెచ్చిన రోజే కాగితం చుట్టాను. వారం రోజులు పొద్దున్నా సాయంత్రం పాలు పొంగించాం."

"మరి..."

"ఆయన పోయిన రోజు పొద్దున్న కూడా ఆడాం. ఆ రోజు ఆయనే గెలిచారు. పెళ్ళయ్యాక మొదటిసారి. నా చెయ్యి గరిటె మీద పడకముందే తుపాకీ బయటికొచ్చేసింది, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు. నిన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పి, మీ అమ్మను ఓడించానే పిచ్చుకా అని అరుస్తూ జీపెక్కారు."

బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాయనమ్మ చెప్పిన కథ, విచారణ కథ, ఇరవై ఏళ్ళుగా పిచ్చుక మోస్తున్న కథ, అన్నీ ఆ ఒర బిగుతు మీదే నిలబడి ఉన్నాయి. బిగుతే లేదంటోంది అమ్మ.

అయితే ఇన్నేళ్ళూ ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగింది. నాయనమ్మ అన్నేసి మాటలంటుంటే, చుట్టాలు మొహం తిప్పుకుంటుంటే, కడుపున పుట్టిన కూతురే నిన్న అంత మాట అంటే ఎందుకు ఊరుకున్నావంది.

"ఒర వదులుగానే ఉందని చెబితే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది కదే. మరైతే తుపాకీ ఎందుకు తియ్యలేదు అంటారు. భయపడ్డాడంటారు. నన్ను ఏమన్నా పడతాను. ఆయన్ని భయస్థుడంటే పడలేను."

అంత మామూలుగా చెప్పింది. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. పిచ్చుక లేచి వెళ్ళి తల్లి భుజం మీద మొహం పెట్టింది. ఏడవడానికి సిగ్గుపడి, తోలు వాసన ఘాటుగా ఉందని సాకు చెప్పింది. తల్లి ఆమె జుట్టు మీద చెయ్యి వేయబోయి, చేతికి మైనం ఉందని గుర్తొచ్చి మోచేత్తో నిమిరింది.

కాస్త తేరుకున్నాక, నాన్న ఎందుకు తియ్యలేదో నువ్వెప్పుడూ తెలుసుకోవాలనుకోలేదా అని అడిగింది పిచ్చుక. తల్లి అనుకుందట. జీపు డ్రైవరు ఒకసారి బజార్లో ఎదురుపడితే చెయ్యి పట్టుకున్నంత పని చేసి ఆపింది. ఒర సంగతి నాకు తెలుసు, నిజం చెప్పమంది. ఆయన తల వంచుకుని, ఇరుక్కుందనే అనుకోండమ్మా, అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేశాడని తెలిసింది. పాత బస్టాండు వెనక బళ్ళు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

"నేను ఆయన్ని అంతకంటే ఎక్కువ అడగలేకపోయాను. నువ్వు అడగదలుచుకుంటే అడుగు. కానీ ఏం విన్నా సరే, ఇంటికొచ్చి నాకు చెప్పాలి. మంచైనా చెడైనా."

సోమవారం పొద్దున్న కాగితం విప్పారు. తుపాకీ ఒరలో పెట్టి తీయడం, పెట్టి తీయడం, కాఫీలు చల్లారిపోయేదాకా అదే పని. మొదట గుంజితే గానీ రాలేదు. తర్వాత తర్వాత ఒర దానంతట అదే దారి ఇవ్వడం మొదలుపెట్టింది. తలకిందులు చేసి ఊపితే మాత్రం జారలేదు. తల్లి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి గరిటె పుచ్చుకుంది. గరిటే గెలిచింది. ఫరవాలేదు, రేపటికి చాల్లే అని తీర్పు ఇచ్చింది.

మంగళవారం ఈల మోగింది. పిచ్చుక చెయ్యి వెళ్ళడం, తుపాకీ రావడం ఒక్కటే కదలికలా జరిగిపోయాయి. ఈలాయన నోట్లోంచి ఈల తీసి ఆమె నడుము వైపు చూసి, ఎవరు చేసిపెట్టారని అడిగాడు. మా అమ్మ, అంది. ఆ రెండు మాటలు చెబుతుంటే ఆమెకు ఛాతీ నిండినట్టైంది. మామూలుగా అయితే పరుగున ఇంటికెళ్ళేది. ఆ రోజు దారి మార్చి పాత బస్టాండు వెనక వీధికి నడిచింది.

షెడ్డు ముందు చక్రాలు లేని కారు ఒకటి ఇటుకల మీద నిలబడి ఉంది. రేకుల కింద స్టూలు మీద కూర్చున్న ముసలాయన ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. జీపు మావయ్య. చిన్నప్పుడు తనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జీపు హారన్ మోగించనిచ్చిన మనిషి. జుట్టంతా నెరిసిపోయింది గానీ పెద్ద చెవులు అవే. నీడ పడగానే తలెత్తాడు. ముందు యూనిఫాం చూశాడు, తర్వాత మొహం. చేతిలోని ట్యూబు నీళ్ళలోకి జారిపోయింది.

"మీ నాన్న నడకే నీది," అన్నాడు.

ఇంకో స్టూలు తుడిచి వేశాడు. పిచ్చుక కూర్చోలేదు. అమ్మ చెప్పిందంతా చెప్పింది. పాలు పొంగడం, నాన్న గెలవడం, వెన్నలో వెంట్రుక. ఆయన వింటూ వింటూ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బజార్లో నన్నడిగింది తప్ప ఇంకెవరికీ చెప్పలేదా, ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకుందా అని తనలో తనే గొణుక్కున్నాడు.

"మావయ్యా, మా నాన్న భయపడ్డాడా? ఉన్నదున్నట్టు చెప్పు. తట్టుకుంటాను."

"భయమా? నేను చూసినవాళ్ళలో ఆ రోజు భయం లేనివాడు ఆయనొక్కడే తల్లీ."

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా పిచ్చుక రేకుల స్తంభం పట్టుకుని విన్నది. గోదాములో దొంగసరుకు దిగిందని కబురొస్తే వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ముందు, డ్రైవరు గుమ్మం దగ్గర. బస్తాల వెనక అలికిడి అయింది. అప్పుడు తుపాకీ దూశాడాయన. ఇరుక్కోవడం కాదు, రెప్పపాటులో చేతిలో ఉంది. పైకప్పు రేకుల కంతలోంచి వెలుగు పడుతుంటే బస్తాల చాటునుంచి ఒక ఆకారం బయటికొచ్చింది. మీసం కూడా మొలవని పిల్లాడు. చేతిలో నాటు తుపాకీ. చేతులు ఎంత వణుకుతున్నాయంటే గొట్టం ఒకచోట నిలవడం లేదు.

"మీ నాన్న వాణ్ని చూశారు. తన తుపాకీ మళ్ళీ ఒరలో పెట్టేసి పట్టీ బొత్తం కూడా వేశారు. టప్పున ఆ చప్పుడు నాకు వినబడింది. రెండు చేతులూ చాపి, అది ఇలా ఇచ్చెయ్ నాన్నా, నిన్నెవరూ ఏమీ అనరు అంటూ ముందుకు నడిచారు. వాడు ఇచ్చేవాడే. చెయ్యి చాపాడు కూడా. అప్పుడు బస్తాల వెనక నుంచి ఇంకో గొంతు అరిచింది, కాల్చరా అని."

పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. తుపాకీ పేలింది. అరిచిన మనిషి వెనక తలుపులోంచి పరిగెత్తాడు. పిల్లాడు మాత్రం పారిపోకుండా అక్కడే కూలబడి చెవులు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరును జీపులో వేసుకుని ఆసుపత్రికి తోలుతుంటే ఆయన డ్రైవరు చొక్కా పట్టుకున్నాడట. నొప్పి గురించి గానీ, ఇంటి గురించి గానీ కాదు. వాడు పిల్లాడు, వాణ్ని ఇరికించకు, అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అవే చివరి మాటలు. దూసిన తుపాకీ తిరిగి ఒరలో పెట్టాడంటే ఎవర్ని చూసి పెట్టాడని తవ్వుతారు. తవ్వితే పిల్లాడు దొరుకుతాడు. అందుకని డ్రైవరు, విచారణలో నోటికి వచ్చిన మొదటి మాట చెప్పాడు. తుపాకీ ఇరుక్కుందన్నాడు. ఆ మాట వెళ్ళి ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించేసరికి వెనక్కి తీసుకునే దారి లేదు.

పిచ్చుక స్టూలు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. నాన్న మొహం ఇన్నేళ్ళకు స్పష్టంగా కనబడుతున్నట్టుంది. రెండు చేతులూ చాపి నడుస్తున్న మనిషి. తనను ఎత్తుకోవడానికి వరండాలోకి వచ్చేటప్పుడు కూడా అలాగే చాపేవాడు. ఈ మాట ఇప్పుడే పరిగెత్తుకెళ్ళి అమ్మకు చెప్పాలనిపించింది. ఆయన భయపడలేదమ్మా, నీ ఒర తప్పేమీ లేదమ్మా అని.

కానీ పోలీసు బుద్ధి ఇంకో ప్రశ్న అడగనిదే కదలనివ్వలేదు.

"ఆ పిల్లాడు ఏమయ్యాడు?"

ముసలాయన లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, షెడ్డు వెనక గదికి ఉన్న గోనెపట్టా తెర దాకా వెళ్ళి పిలిచాడు.

"ఒరే పెద్దోడా, చేతిలో పని అక్కడ పెట్టి ఇటు రా."

సుత్తి చప్పుడు ఆగింది. తెర తొలగించుకుని ఒక మనిషి వచ్చాడు. ముప్పై దాటినవాడు, సన్నగా, కళ్ళజోడు, మోచేతుల దాకా గ్రీజు. ఆమె యూనిఫాం చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు. ఆమె మొహం చూశాక కళ్ళజోడు తీసేసి, ఏం చేయాలో తెలియనట్టు రెండు చేతులూ కిందికి వేలాడేశాడు.

"సారు కూతురురా," అన్నాడు ముసలాయన. "నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆ రోజు నీ చేతికి తుపాకీ ఇచ్చిందెవరో, వెనక నుంచి అరిచిందెవరో, అది నువ్వే చెప్పాలి. ఇంకా ఎన్నాళ్ళు దాస్తావు?"

ఆ మనిషి పిచ్చుక చొక్కా మీదున్న స్టేషను బిళ్ళ వైపు చూశాడు. దాని మీద ఏ స్టేషనో చదువుకున్నాడు. మొహంలో రంగు మారిపోయింది.

"ముందు ఆ షెడ్డు తలుపు దించెయ్ నాన్నా," అన్నాడు, ఇన్నేళ్ళూ తనను పెంచిన ముసలాయనతో.